ముక్కు పిన్ని వంటగది

ముక్కు పిన్నికి ఆ పేరు వీధివాళ్ళు పెట్టారు. ముక్కు పెద్దదని కాదు, అది చేసే పని పెద్దదని. పాలు విరుగుతాయో లేదో కాచకముందే చెప్పేది. పక్కింటి టైలరమ్మ పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, పిన్ని వంగి ఒక్కసారి గాలి పీల్చి "కాచుకో" అనో "పారబొయ్యి" అనో తీర్పు చెప్పేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. మూడిళ్ళ అవతల కూర మాడుతున్నా ముందు కేకేసేది ఈవిడే. అలాంటి మనిషి వంటగది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఆ వంటగదిలోకి బజారు మందులేవీ వచ్చేవి కావు. సీసాలో వెనిగర్, డబ్బాలో వంటసోడా, కాస్త ఉప్పు, పిండేసిన నిమ్మచెక్కలు, అంతే. పొయ్యి మీద జిడ్డు పేరుకుంటే తడిపిన సోడా పూసి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేసి, ఆ తర్వాత తుడిచేది. కూరలు తరిగే చెక్కని ఉప్పులో అద్దిన నిమ్మచెక్కతో రుద్దేది. కెటిల్ అడుగున తెల్లగా గార కడితే వెనిగర్ కలిపిన నీళ్ళు మరిగించేది. కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో సోడా మీద వెనిగర్ పోసి, బుసబుసా పొంగే నురగని చూసి మురిసిపోతుంటే, పిన్ని నవ్వాపుకోలేకపోయింది.

"ఆ రెండూ కలిపితే ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుందమ్మాయ్. పొంగు తప్ప పనుండదు. ఒకటి వెళ్ళాకే రెండోది రావాలి."

"అత్తాకోడళ్ళలాగా అన్నమాట" అంది కోడలు. అప్పట్లో ఇలాంటి మాటలకి ఇద్దరూ కలిసి నవ్వుకునేవారు.

గది శుభ్రపడిందా లేదా అన్నది పిన్ని కంటితో తేల్చేది కాదు. కళ్ళదేముంది, మెరిసిందల్లా శుభ్రమే అనుకుంటాయి. పనంతా అయ్యాక కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చేది. ఏ వాసనా తగలకపోతే అయిపోయినట్టు. చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసేది.

వానలు ముదిరాక వచ్చిన ఒక జ్వరం ఆ ముక్కుని ఎత్తుకుపోయింది. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. మంచం దిగిన రోజున సింకు రుద్దుతుంటే చేతిలో ఉన్నది నిమ్మచెక్కో సబ్బు ముక్కో ముక్కుకి తెలియలేదు. మసిగుడ్డ వాసన చూసింది. ఉల్లిపాయ చిదిమి చూసింది. వెనిగర్ సీసా మూత తీసి పీలిస్తే లోపల చురుక్కుమంది తప్ప వాసన లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. గ్యాసు లీకైనా పసిగట్టలేని మనిషిని పొయ్యి దగ్గరికి ఎవరు రానిస్తారు? పైగా కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ప్రమాదం అన్న మాట చెవిన పడితే ముందు కరెంటు తీసేసి తర్వాత మాట్లాడే రకం. "నువ్వు హాయిగా కూర్చో అమ్మా" అంటాడు. ఆ హాయి ఎలాంటిదో పిన్ని తన ఈడువాళ్ళలో చూస్తూనే ఉంది. వంటగదిలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మూలకి. అందుకని గుట్టుగా నెట్టుకొచ్చింది. గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, మళ్ళీ వెళ్ళి చూసి, పడుకోబోయే ముందు ఇంకోసారి చూసేది. టైలరమ్మ పాలు తెస్తే "గొంతు ఆరిపోతోందే" అని ఒక చుక్క నాలుక మీద వేసుకుని తీర్పు చెప్పేది.

శుభ్రం దగ్గరే చిక్కొచ్చి పడింది. ఇక చాలు అని చెప్పే ముక్కు లేకపోయేసరికి పనికి అంతూ పొంతూ లేకుండా పోయింది. కోడలు ఊళ్ళో పంటి డాక్టరు దగ్గర సహాయకురాలు. పగలంతా పనిముట్లు ఉడకబెట్టి, ఆరబెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి వంట చేసి, గట్టు తుడిచి వెళ్ళేది. ఆమె అటు తిరగ్గానే పిన్ని ఇటు వెనిగర్ పోసి మళ్ళీ తుడిచేది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. తనమీద తనకి నమ్మకం లేక చేస్తున్న పని అది. కోడలికి అది ఎలా కనిపిస్తుందో పిన్నికి తట్టనే లేదు.

కోడలు ముందు ఊరుకుంది, తర్వాత మాటలు తగ్గించింది. ఒకరోజు కొడుకు కంచంలోకి చూస్తూ, "మేడ మీద గదిలో చిన్న వంటగట్టు కట్టిద్దామనుకుంటున్నామమ్మా" అన్నాడు.

"దేనికిరా?"

"నీకు శ్రమ తగ్గుతుందని."

అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు. గట్టు లేచింది. ఇక నీళ్ళ పైపు ఒక్కటే మిగిలింది. పైపు పడిన రోజున పైన పొయ్యి వెలుగుతుంది, ఒక ఇల్లు రెండిళ్ళవుతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా పిన్ని గట్టు ఇంకాస్త గట్టిగా రుద్దేది.

మర్నాడు ప్లంబరు వస్తాడనగా సాయంత్రం కోడలు పని నుంచి వచ్చింది. భుజాన సంచి కూడా దించకుండా వంటగదిలోకి వచ్చి, గట్టు కింద ఉల్లిపాయల బుట్టని బరబరా బయటికి లాగి గుమ్మరించింది. అడుగున ఒక బంగాళాదుంప నల్లగా కుళ్ళి, నీరు కారుతోంది.

"ఈ కంపు ఇవాళ్టిది కాదు అత్తయ్యా," అంది. "బుట్ట సర్దేది నేనే, తప్పు నాదే. కానీ ఈ ఇంట్లో ఏది కుళ్ళినా ముందు పట్టుకునేది మీరు కదా! మీరు చెబుతారని చూశాను. ఎక్కడో కూర మాడితే తెలిసే మీకు కాళ్ళ దగ్గర దుంప కుళ్ళితే తెలియలేదంటే నన్ను నమ్మమంటారా? కావాలనే వదిలేశారు. నా శుభ్రం ఏపాటిదో మీ అబ్బాయి చూడాలని."

పిన్ని ఆ దుంప వైపు చూసింది. నిజం చెబితే ఈ పిల్ల మనసు కుదుటపడుతుంది గానీ వంటగది చేజారుతుంది. చెప్పకపోతే పిల్లే చేజారుతుంది. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఉంటే ఏం చేసేదో. అభిమానం అడ్డొచ్చి, ముందు అదే మాట్లాడేసింది.

"అవును. కావాలనే వదిలేశాను."

కోడలి మొహం పాలిపోయింది. తన గిన్నెలూ పెనమూ తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఎంత మాట అనేసింది! నాలుక కోసుకున్నా తిరిగి రాని మాట. పిన్ని నేల తుడిచి, బుట్ట ముందేసుకుని కూర్చుంది. సోడా చల్లి సందుసందునా రుద్దింది. కడిగింది. వెనిగర్ పోసింది, నిమ్మచెక్క పట్టించింది, మళ్ళీ కడిగింది. బుట్టని మొహానికి ఆనించుకుని పీల్చింది. ఏమీ లేదు. ఇదివరకైతే ఏమీ లేకపోవడమంటే పని అయిపోవడం. ఇప్పుడు ఆ ఏమీ లేకపోవడానికి అర్థమే లేదు. మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళు నాని, ముడతలు పడి, భగభగ మండాయి. ఎంత కడిగినా ఈ బుట్ట తన చేతిలో శుభ్రపడదని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. ఇక చాలు అని చెప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషేమో మేడ మీద ఉంది.

బుట్ట పట్టుకుని, మోకాళ్ళు పట్టేస్తున్నా ఆగకుండా మెట్లెక్కింది. పైన గదిలో సిమెంటు తడి ఇంకా ఆరలేదు. పైపు కోసం గోడకి కొట్టిన కన్నంలో కాగితాలు కుక్కి ఉన్నాయి. కోడలు కొత్త గట్టుకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. పిన్ని బుట్టని తీసుకెళ్ళి తిన్నగా ఆమె మొహం ముందు పెట్టింది.

"ఇంకా వస్తోందా?"

"ఏంటి?"

"కుళ్ళు వాసన. పోయిందా, ఉందా? నిజం చెప్పు."

"నన్నడుగుతారేంటి? మీకు..." అంటూ కోడలు ఆగిపోయింది. అత్తగారి చేతులవైపు చూసింది.

"నాకు తెలీదు. జ్వరమొచ్చినప్పట్నించీ ఏ వాసనా తెలీదు. ఇందాక అన్నది అబద్ధం. నేను కావాలని వదల్లేదమ్మాయ్, నాకు తెలిస్తేగా!"

కోడలు బుట్ట అందుకుని, అందులో మొహం పెట్టి నిదానంగా పీల్చింది. తల ఎత్తేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి.

"దుంప వాసన పోయింది. వెనిగరే చంపేస్తోంది. ఇల్లంతా అదే అత్తయ్యా, దుప్పట్లలో కూడా అదే. అది నా మీద మీకున్న కోపమనుకున్నాను."

"కోపం కాదే పిచ్చిదానా. భయం."

దుంప విషయానికొస్తే తిలాపాపం తలా పిడికెడు, ఎవరిని ఎవరంటారు?

"ముందే చెప్పాల్సింది" అంది కోడలు బుట్ట పక్కన పెట్టి.

"చెబితే కూర్చోబెడతారుగా."

కోడలు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "ఒంటరిగా ఉన్నప్పుడు మీరు పొయ్యి వెలిగించొద్దు. ఆ ఒక్కటీ నేను ఒప్పుకోను. మిగతాదంతా మీ ఇష్టం. వాసన నేను చూస్తాను" అంది. పిన్నికి ఆ మొదటి మాట కలుక్కుమంది. కానీ న్యాయమైన మాటే. కాసేపటికి బుట్టలో పెనం పెట్టుకుని, గోడ పట్టుకుంటూ దిగింది. గిన్నెలు కోడలు తెచ్చింది.

పొద్దున్నే ప్లంబరు వచ్చి పైపు ఎక్కడ వెయ్యాలని అడిగాడు. "పైన కాదు బాబూ, కింద సింకు కుళాయి కారుతోంది, అది చూడు" అంది పిన్ని. కొడుకు ఏదో అడగబోయి, భార్య మొహం చూసి ఊరుకున్నాడు. ఇంతలో గుమ్మంలో టైలరమ్మ, చేతిలో పాలగిన్నె.

"పిన్నీ, ఒక్కసారి చూసిపెట్టవూ?"

గొంతు ఆరిపోతోందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిన్ని దాన్ని మింగేసింది. "నా ముక్కు పోయిందమ్మా. ఇక మా అమ్మాయినడుగు" అంది.

కోడలు చెయ్యి తుడుచుకుని వచ్చి, గిన్నె మీదకి వంగి, కళ్ళు మూసుకుని పీల్చింది. "కాచుకోండి" అంది. టైలరమ్మకి నమ్మకం కుదర్లేదు. అలవాటు కొద్దీ పిన్ని వైపు తిరిగింది.

"అప్పీలు లేదు" అంది ముక్కు పిన్ని.