పలకని పేరు

ఉక్క.

డార్విన్ ఊరి ఆకాశం నెల రోజులుగా ఊరిస్తోంది... చుక్క రాల్చదు. రోడ్డు మీద రాలిన మామిడిపళ్ళు కుళ్ళి, ఆ పుల్లటి వాసన ఆఫీసు మెట్ల దాకా వస్తోంది.

లోపల మాత్రం ఎముకలు కొరికే ఏసీ చలి.

బల్లకు ఇటు నోరీన్. అటు వీసా ఆఫీసరు. నోరీన్ మొగుడు అబీలియో బయట వరండాలో ఉన్నాడు. సముద్రానికి అవతల తిమోర్ దీవి వాడు. పెళ్ళి నిజమని తేలితే ఇక్కడ ఉంటాడు. లేదంటే పంపించేస్తారు.

మంచానికి ఎవరు ఏ పక్క పడుకుంటారని ఆఫీసరు అడిగాడు. చెప్పింది. గురక ఎవరిదన్నాడు. సిగ్గు చంపుకుని అదీ చెప్పింది.

అప్పుడు పెళ్ళి ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

నోరీన్ మొహం తిప్పేసుకుంది.

ఫోటోలో ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుని నవ్వుతున్నది ఆమె నాన్న. పోయి మూడు నెలలైంది. నోరీన్ వాళ్ళు ఈ నేల ఆదివాసులు; పోయినవాళ్ళ పేరు వాళ్ళలో పలకరు. బొమ్మ చూడరు. పెద్దలు సరేనన్నదాకా అంతే. పిలిస్తే, వెళ్తున్నవాడు వెనక్కి తిరుగుతాడు.

"మధ్యలో ఎవరు?"

"మా నాన్న."

"పేరు?"

పోయాడనీ, పలకకూడదనీ చెప్పింది. దయచేసి ఆ ఫోటో బోర్లించమంది. అతను బోర్లించలేదు.

తెలియక కాదు, లెక్కలేక. పోయినవారి బొమ్మలు ఇక్కడ ఉండవచ్చు, మన్నించండి అని ఆ ఆఫీసు గుమ్మంలోనే బోర్డు ఉంది. వాడి మొహం మండ, బోర్డుకున్న పాటి మర్యాద వాడికి లేదు.

"మీ ఆచారం మీది. నాకు ఈ గడి నిండాలి. మీరు చెప్పకపోతే ఆయన్ని అడుగుతా. ఆయనా చెప్పకపోతే మీ పెళ్ళిని నేను నమ్మను."

నోరీన్‌ని వరండాలోకి పంపి, అబీలియోని లోపలికి పిలిచారు. ఎదురుపడినా మాట్లాడనివ్వలేదు.

అతనికేం అడ్డు? వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు చర్చిలో పైకి చదువుతారు.

చెప్పెయ్యి — అనుకుంది. చెబితే ఉంటావు.

చెప్పకు — అనుకుంది. చెబితే మా అమ్మ గడప తొక్కలేవు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పెయ్యి... చెప్పకు... చెప్పెయ్యి...

ఎంతకీ తలుపు తెరుచుకోలేదు. ఆమెకి ఆ ఆఫీసరు మీద అసహ్యం వేసింది. తన మీద ఇంకా ఎక్కువ వేసింది.

అబీలియో బయటికొచ్చాడు. వెనకే ఆఫీసరు.

"ఇద్దరూ ఒకే పాట. బాగానే నేర్చుకొచ్చారు," అన్నాడు. కబురు పంపుతాం, వెళ్ళమన్నాడు.

మెట్ల మీద ఆమె అడిగింది. "ఏం చెప్పావు?"

"మామ అన్నా. పేరు అడిగాడు. ఫోటో బోర్లించా." మెట్టు మీదే ఆగాడు. "తప్పు చేశానా? నన్ను పంపించేస్తారేమో."

పంపించేస్తారేమో. ఆమెకీ తెలియదు.

"పద, అమ్మ దగ్గరికి," అంది. "నువ్వు పలకలేదని నేనే చెబుతా."