పెట్టెలో మనిషి ఉంటే అటు చూడకూడదు

నేను ఒక ఎస్టీడీ బూత్‌ని. ఈ మాట వినగానే మీలో నలభై దాటినవాళ్లు నవ్వుకుంటారు, దాటనివాళ్లు అదేమిటని పక్కవాళ్లని అడుగుతారు. అడగక్కర్లేదు, నేనే చెబుతాను. మూడు వైపులా టేకు చెక్క, నాలుగో వైపు గాజు తలుపు, లోపల ఒక స్టూలు, నెత్తిన చిన్న ఫ్యాను. చేతిలో ఫోను లేని రోజుల్లో, ఊరు దాటి మాట్లాడాలంటే జనం నాలోకి వచ్చి తలుపేసుకునేవారు. చూడ్డానికి పెట్టెనే గానీ, నేను విన్నన్ని కబుర్లు విన్న వస్తువు రాజమండ్రిలో మరొకటి లేదని నా నమ్మకం. గర్వమనుకుంటే అనుకోండి.

నన్ను చేసిన వడ్రంగి వీరభద్రాచారి పనిమంతుడే కాదు, మాటకారి కూడా. గాజు బిగించడం పూర్తయ్యాక లోపల దూరి తలుపేసుకుని, బయట నిలబడ్డ నా యజమాని గవర్రాజు గారిని వినబడుతోందా అని అడిగాడు. శుభ్రంగా వినబడుతోందని ఆయన కాస్త కోపంగానే అన్నారు. అవతలివాళ్లకి కూడా అంత శుభ్రంగానూ వినబడుతుంది లెండి అని చెప్పి, కూలి పుచ్చుకుని వెళ్లిపోయాడు.

కోటిపల్లి బస్టాండు దగ్గర గవర్రాజు గారి కొట్టులో నా వైభోగం మొదలైంది. కోనసీమ నుంచి వచ్చిన తండ్రులు, కువైట్‌లో పనిచేస్తున్న భార్యలకి పిల్లల మార్కులు చెప్పేవారు. అసలు ఫోను లేకపోయినా కువైట్ దాకా వినబడేంత గట్టిగా చెప్పేవారు. బయట బెంచీ మీద వరసలో కూర్చున్నవాళ్లు లెక్కల్లో తక్కువొచ్చాయని విని అయ్యో అనుకునేవారు. ఆ రోజుల్లో రహస్యం అనేదే లేదు, దాని గురించి ఎవరికీ బెంగ కూడా లేదు.

తరవాత ఫోన్లు జేబుల్లోకి వచ్చాయి. నాలోకి మనుషులు రావడం మానేశారు. గవర్రాజు గారు కొన్నాళ్లు నాలో గొడుగులు పెట్టుకున్నారు, ఆ పైన నన్నొక ఫంక్షన్ హాలుకి అమ్మేశారు. అక్కడ పెరట్లో, విరిగిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య, వాడిన పూలదండల మధ్య పడి ఉన్నాను. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు చాలా దిగులుగా ఉండేది. ఎన్ని పెళ్లిళ్లు జరిగినా ఒక్కరూ నాతో మాట్లాడలేదు. చివరికి పాత సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడికి ఒకరోజు ఫణీంద్ర వచ్చాడు. నన్ను చూస్తూనే, వెతుకుతున్న వస్తువు కాళ్లకి తగిలినట్టు మొహం వెలిగిపోయింది.

ఫణీంద్ర దానవాయిపేటలో ఒక పెద్ద హాలు అద్దెకి తీసుకుని కోవర్కింగ్ స్పేస్ పెట్టాడు. అంటే ఎవరి పని వాళ్లు చేసుకునే మనుషులు, సొంతంగా ఆఫీసు పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, నెలకింత అని కట్టి ఒకే కప్పు కింద కూర్చుంటారు. అందరికీ కలిపి ఒకటే ఇంటర్నెట్టు, ఒకటే ప్రింటరు, ఒకటే టీ. హాల్లో అందరూ ఉన్నచోట ఫోను మాట్లాడటం కష్టం గనక దానికి నన్ను తెచ్చాడు. లోపలంతా మెత్తటి ఫోమ్ అతికించి, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కొట్టించాడు. ఇక లోపలి మాట బయటికి పోదు. వీరభద్రాచారి వింటే ఏమనేవాడో గానీ నాకు మాత్రం కొత్త బట్టలు కట్టినట్టే ఉంది.

అక్కడికి వచ్చేవాళ్ల సంగతి మొదట నాకు బోధపడలేదు. ఇంట్లో కుర్చీ ఉంది, బల్ల ఉంది. అవి వదిలేసి, డబ్బు కట్టి మరీ ఇంకొకరి కుర్చీలో కూర్చోవడానికి ఎండలో బండేసుకుని వస్తారు. పని దొరికిన నెలా, దొరకని నెలా అద్దె మాత్రం మారదు. పైగా ఏసీ దగ్గర రోజూ పేచీ. పన్నుల లెక్కలు చూసే తాతారావు గారికి ఉక్కపోత, జాకెట్ల మీద మగ్గం పని చేయించి ఆన్‌లైన్లో అమ్మే షాహిదాకి చలి. ఆయన తగ్గిస్తే ఈ పిల్ల పెంచుతుంది. ఎవరైనా ఎండుచేపల కూర తెచ్చుకుంటే సాయంత్రం దాకా ఆ వాసన అందరిదీ. మరి ఎందుకొస్తారు?

వాళ్లు నాలో కూర్చుని ఇళ్లకి ఫోన్లు చేస్తుంటే విని తెలుసుకున్నాను. ఇంట్లో కూర్చుని పనిచేసే మనిషి పనిచేస్తున్నట్టు ఇంట్లోవాళ్లెవరికీ కనబడదట. గ్యాస్ బండ వస్తే తీసుకోవాలి, పిండి ఆడించుకు రావాలి, ఎదురింటివాళ్ల కొరియర్‌కి సంతకం పెట్టాలి. ఇంట్లోనే ఉంటావుగా అన్న ఒక్క మాటతో పూట గడిచిపోతుంది. ఇక్కడికి వస్తే కరెంటు పోయినా పని ఆగదు, కార్డు మీద వేసుకోవడానికి ఒక చిరునామా ఉంటుంది, ఫారం నింపడం తెలియకపోతే తాతారావు గారు పక్కనే ఉంటారు. ఆయన ఫోటోలు పెద్దవి చెయ్యడం తెలియక తిప్పలు పడుతుంటే షాహిదా ఉంటుంది. ఏసీ దగ్గర పోట్లాడుకున్న ఇద్దరూ టీ దగ్గర ఒకే బిస్కెట్ ప్యాకెట్టు పంచుకోవడం నేను రోజూ చూస్తాను.

ఇంకొక ముచ్చట చెబుతాను, ఎవరితోనూ అనకండి. నాలోకి వచ్చి మాట్లాడే ప్రతి ఒక్కరూ కస్టమరు ఏదైనా అడగ్గానే, "మా టీమ్‌తో మాట్లాడి చెబుతానండి" అంటారు. ఫోను పెట్టేసి, బయటికి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి, మళ్లీ నాలోకి వచ్చి, టీమ్ ఒప్పుకుందని చెబుతారు. టీమూ లేదు, గీమూ లేదు. ఒంటరి మనిషిని అవతలివాళ్లు నమ్మరని వాళ్ల భయం. నాకు నవ్వొస్తుంది గానీ, జాలి కూడా వేస్తుంది.

నా తలుపు గాజుది కదా, అది హాలు వైపే ఉంటుంది. మొదటి వారంలోనే ఒక కుర్రాడు లోపల మాట్లాడుతుండగా అతని కాంట్రాక్టు పోయింది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తలెత్తి చూస్తే హాలంతా తననే చూస్తోంది. మర్నాటి నుంచి రాలేదు. ఫణీంద్ర చాలా నొచ్చుకుని ఒక పద్ధతి పెట్టాడు. పెట్టెలో మనిషి ఉంటే అటు చూడకూడదు. గోదావరి జిల్లాలవాళ్లకి మర్యాద నేర్పిస్తే ఏమవుతుందో తెలుసు కదా, నెత్తికెక్కించుకున్నారు. నా తలుపు పడిన చప్పుడవడం ఆలస్యం, అందరూ కుర్చీలు అవతలి వైపుకి తిప్పేసుకునేవారు. తాతారావు గారైతే మంచినీళ్లకి వెళ్లాలన్నా నాకు వీపు చూపిస్తూ పక్కవాటుగా నడిచేవారు.

ఆ హాల్లో నాకు బాగా ఇష్టమైన మనిషి ప్రసూన. మిషన్లతో పాటు వచ్చే ఇంగ్లీషు పుస్తకాలని, కొనుక్కున్న మనిషికి అర్థమయ్యే తెలుగులో రాసిపెట్టడం ఆమె పని. అంతకుముందు ఒక స్కూలు ఆఫీసులో చేసేది, సొంతంగా బతుకుదామని మానేసింది. చిల్లర పనులు వస్తున్నాయి గానీ నిలకడగా ఒక్కటీ కుదరలేదు. ఈలోగా స్కూలువాళ్లు మళ్లీ రమ్మని కబురు చేశారు, నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. ఆమె భర్త మంచివాడే. నీ ఇష్టం అన్నాడు. ఆ ఇష్టమేదో తేల్చుకోలేకే ఆమెకి అన్నం సహించేది కాదు.

ఆ సమయంలో తణుకు నుంచి దమయంతి గారి బేరం వచ్చింది. ఆవిడ పిండిమరలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ నడుపుతారు. ఏడాది పొడుగునా అన్ని మరలకీ పుస్తకాలు రాసే పని. అది కుదిరితే ప్రసూన ఇక్కడే ఉండిపోవచ్చు, కుదరకపోతే స్కూలుకి వెళ్లిపోవాలి. మొదటిసారి మాట్లాడినప్పుడు దమయంతి గారు రాత బాగుందన్నారు, కానీ ఒక్క మాట అడిగారు. "ఒక్కదానివేనంటున్నావు కదమ్మాయ్. సీజన్లో నీకు జ్వరమొస్తే పుస్తకం లేకుండా నా మరలెలా పంపను?" ప్రసూన మళ్లీ మాట్లాడతానని చెప్పి పెట్టేసింది. బయటికి వచ్చి మొహం వేలాడేసుకుంది. మళ్లీ మాట్లాడేటప్పుడు టీమ్ ఉందని చెప్పెయ్యమని హాల్లో అందరూ నచ్చచెప్పారు. మేమంతా చెప్పే మాటే కదా అన్నారు.

రెండోసారి మాట్లాడటం, ఈసారి లాప్‌టాప్‌లో వీడియో కాల్, మంచి ముసురు రోజున పడింది. వానకి నా టేకు చెక్క ఉబ్బింది. ఉబ్బిన చెక్కకి ఫణీంద్ర కొట్టించిన రబ్బరు పట్టీ తోడైంది. ప్రసూన లోపలికి వచ్చి తలుపు లాక్కోగానే అది బిరడా దిగినట్టు దిగిపోయింది. నాకు తెలుస్తూనే ఉంది, చెప్పే నోరేదీ?

మాటలు బాగానే మొదలయ్యాయి. మా టీమ్ అని ఒకసారి అననే అంది, అంటూ చెవులు ఎర్రబడేలా సిగ్గుపడింది. అంతలో లాప్‌టాప్ చార్జింగ్ అయిపోవస్తోందని ఎర్రగుర్తు వచ్చింది. చార్జరు హాల్లో బల్ల మీద ఉంది. ఒక్క నిమిషం అని చెప్పి తలుపు తోసింది. కదలలేదు. భుజంతో తోసింది. నేను కూడా నా శాయశక్తులా ప్రయత్నించాను, నమ్మండి. చివరికి గాజు మీద దబదబా కొట్టింది. ఫోమ్ పుణ్యమా అని చప్పుడు బయటికి పోలేదు. రెండు చేతులూ ఊపింది. హాలంతా మర్యాదగా అవతలికి తిరిగి కూర్చుని ఉంది. ఫోను బల్ల మీదే వదిలి వచ్చింది. లాప్‌టాప్ లోంచి హాలువాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెట్టింది గానీ, పనివేళల్లో గ్రూపు చూడకపోవడం కూడా అక్కడి మర్యాదే.

తణుకులో తెర ముందు కూర్చున్న దమయంతి గారికి ఇదంతా కనబడుతోంది.

"వాళ్లేనా నీ టీమ్?" అన్నారావిడ. "అయితే ఒక్కరూ ఇటు చూడరేంటి?"

ప్రసూన ఊపడం ఆపేసింది. వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పోయేదేదో పోయింది, ఇక అబద్ధం దేనికనుకుందేమో.

"టీమ్ కాదండీ. నాకు టీమ్ లేదు. ఎవరి పని వాళ్లదే. లోపలున్నవాళ్లు ఇబ్బంది పడతారని అటు చూడరు. మా పద్ధతండీ అది."

 దమయంతి గారు ప్రసూన పంపిన కొటేషన్ కాగితం వెతికి, దాని మీద ఆఫీసు చిరునామా కింద ఉన్న నంబరుకి ఫోను కలిపారు. హాల్లో ఫణీంద్ర ఫోను ఎత్తాడు. కొత్త నంబరు కదా, గొంతులో తేనె పోసుకున్నాడు.

"చెప్పండి మేడమ్, సీటు కావాలాండి? కిటికీ పక్కది ఖాళీగా ఉందండి, ఏసీ కూడా..."

"సీటొద్దు గానీ బాబూ, ముందా పెట్టెలో పిల్లని బయటికి తియ్యి."

అప్పుడు తిరిగారండీ అందరూ! ఫణీంద్ర లాగాడు, రాలేదు. తాతారావు గారు అతని నడుం పట్టుకుని లాగారు. ఇద్దరూ వెనక్కి పడ్డారు గానీ తలుపు రాలేదు. చివరికి షాహిదా దారం తెంపే చిన్న బ్లేడు తెచ్చి, రబ్బరు పట్టీ చుట్టూ కోసి, తలుపు అడుగున పట్టుకుని పైకెత్తమంది. ఎత్తి లాగేసరికి ఊడివచ్చింది. పట్టీ పోయిందని నాకేం బాధ లేదు, నాకు కూడా ఊపిరాడింది. షాహిదా చార్జరు తెచ్చి తగిలించింది, ఎవరో మంచినీళ్లిచ్చారు, తాతారావు గారు రుమాలుతో ప్రసూనకి విసరడం మొదలుపెట్టారు. నా ఒక్క తలుపులోంచి అన్ని తలకాయలు లోపలికి తొంగిచూడటం కొట్టు రోజుల్లో కూడా ఎరగను.

దమయంతి గారు అందరినీ పేరు పేరునా అడిగారు, ఎవరేం చేస్తారో కనుక్కున్నారు. ఆ తరవాత అసలు మాట అడిగారు.

"ఈ అమ్మాయి ఓ వారం రాకపోతే మీకు తెలుస్తుందా?"

"వారమెందుకండీ," అన్నారు తాతారావు గారు ఇంకా విసురుతూనే. "పదకొండింటికి టీకి లేవకపోతేనే ఏమైందని అడుగుతాం. పోయినసారి జ్వరమొస్తే షాహిదా ఇంటికెళ్లి కాగితాలు తెచ్చింది, నేను ప్రింటు తీసి పంపించాను. రాయడం మాకు రాదు గానీ, పని ఆగనివ్వమండి."

"పెట్టెలో ఇరుక్కుంటే మాత్రం తెలీదన్నమాట," అన్నారు దమయంతి గారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆవిడ ప్రసూనతో, పెద్ద మర పుస్తకం సోమవారం మొదలుపెట్టమన్నారు. ఏడాదికి కాగితం రాసి పంపుతానన్నారు. "టీమ్ ఉందని మళ్లీ ఎవరితోనూ అనకు. ఉన్నది చెప్పు, చాలు."

తెర మూతపడింది.  ప్రసూన ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసింది. ఇన్నేళ్లుగా మనుషుల్ని వింటున్నాను కదా, ఆ చప్పుడంటే నాకు ప్రాణం. నాలో ఇంకా ఎన్నాళ్లు మనుషులు మాట్లాడతారో తెలియదు. రేపు ఇంకేదో కొత్త పరికరం వచ్చి నన్ను మళ్లీ పెరట్లో పడెయ్యవచ్చు. పడేస్తే పడెయ్యనీ. నేను చూడవలసింది చూశాను.

షాహిదా ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ప్రసూన స్కూలుకి కలిపింది. తలుపు తీసే ఉంది, వేసుకోమని ఎవరూ అనలేదు, అటు తిరగమనీ ఎవరూ అనలేదు. తాతారావు గారు, ఫణీంద్ర, అందరూ ఆమెనే కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డారు. అవతల ఫోనెత్తారు.

"ప్రసూననండీ. నేను రావట్లేదండీ," అంది. తలెత్తి వాళ్లందరినీ చూసింది. "నా ఆఫీసు ఇక్కడుందండీ."