రెండు మంచి ముక్కలు

తెల్లచొక్కా కాలరు కింద చిన్న మడత ఉండిపోయింది. అంతే. “ఇస్త్రీపెట్టె ఏడెక్కలేదేటే?” అని అడిగాడు మా ఆయన తిరుమలరావు, కాఫీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా. వేడెక్కిందన్నాను. “సూద్దాం” అని నా ఎడమచెయ్యి పట్టుకుని మణికట్టు మీద ఆనించి తీశాడు. అరిచాను. మా అత్త కన్నమ్మ పూజ చేసుకుంటున్నదల్లా తొంగిచూసి, “పొద్దుటే ఆ అరుపులేటి, పక్క క్వార్టరోల్లు ఇంతారు” అంది. ఆయన చొక్కా తొడుక్కుని తల దువ్వుకుంటూ, “సాయంత్రం మీటింగులో నిన్ను మాటాడమంటారు. రెండు మంచి ముక్కలు సెప్పు. తెలుగులోనే సెప్పు, నీ హిందీ ఇంటే నా పరువు పోద్ది. నేను మార్చి సెప్తాను” అన్నాడు. నోట్లోంచి మందు వాసన రాలేదు. ఏడాదిగా రావడం లేదు.

ఆ మీటింగు వెతికి పట్టుకున్నది నేనే. కిందటేడు దెబ్బలు తట్టుకోలేక, విజయనగరంలో మా అక్క దగ్గరికి వెళ్లిపోదామని ఈ హిందీ దేశంలో మాకు దగ్గరి దుర్గ్ స్టేషన్‌కి పోయాను. టికెట్ కిటికీ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. మందు మానాలనుకునేవాళ్లు ఫోన్ చెయ్యండి అని. లైన్లోంచి బయటికొచ్చి ఫోన్ చేశాను, టికెట్ కొనలేదు. నా బుద్ధికి ఏం చెప్పను! కొట్టేది మందే కానీ మనిషి కాదని పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను నేను నమ్మించుకున్నాను మరి. మందు తీసేస్తే మంచి మొగుడు మిగులుతాడనుకున్నాను. ఫోనెత్తిన సాహు భయ్యాయే ఆ మందు మానినవాళ్ల గుంపుకి పెద్ద. రుఆబాంధా అనే పేటలో ఒక స్కూలు గదిలో ప్రతి ఆదివారం కలుస్తామన్నాడు. ఈయన కాళ్లావేళ్లా పడి, నా స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. లోపలికి ఆడవాళ్లు రానక్కర్లేదన్నారు. వరండాలో అందరికీ టీ పెట్టడం నా పనయింది.

కిటికీలోంచి అన్నీ వినపడేవి. నా చెయ్యి విరగ్గొట్టిన రోజు గురించి, నడిరోడ్డు మీద జుట్టు పట్టి ఈడ్చిన రోజు గురించి ఈయన హిందీలో చెప్పేవాడు. క్షమించమని మాఫీ, మాఫీ అని ఎన్నిసార్లు అనేవాడో. చెప్పడం అయ్యాక మగవాళ్లంతా ఎంత ధైర్యమో అని చప్పట్లు కొట్టేవారు. నా విరిగిన చేతికి వాళ్లు కొట్టిన చప్పట్లు నేను గ్లాసులు కడుగుతూ విన్నాను. చెయ్యి ఎవరిదో ఆమెను లోపలికి పిలుద్దామని ఒక్కడికీ తోచలేదు. ఆ మాఫీ మా ఇంటి గుమ్మం దాటి తెలుగులోకి ఎప్పుడూ రాలేదు. ఇంటికొచ్చాక ఈయన నాతో అన్న మొదటి మాట, “కూరలో ఉప్పేదే?”

తాగే రోజుల్లో కొట్టి పడుకునేవాడు, తెల్లారితే ఏదీ గుర్తుండేది కాదు. ఇప్పుడన్నీ గుర్తే. సోమవారం నేనన్న ఎదురుమాటకి గురువారం తీరిగ్గా కొడతాడు. అత్తకి చెప్పుకుంటే, “మందు మానేసిన మొగుడు, ఇంకేటి కావాలే నీకు? సిరాకు పెట్టకు, మల్లీ తాగేత్తాడు” అంది. సాహు భయ్యాకి చెప్పుకుంటే, ఓర్చుకో దీదీ, లేకపోతే మళ్లీ మొదలెడతాడని ఆయనా అదే పాట. తాగకపోతే అది ఈయన గొప్ప, తాగితే తప్పు నాది!

ఆ సాయంత్రం, ఈయన మానేసి ఏడాది నిండినందుకు లడ్డూలు పంచారు. నన్ను మొదటిసారి లోపల కూర్చోబెట్టారు. ఈయన మెడలో బంతిపూల దండ, ముందు వరసలో పట్టుచీరలో అత్త. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేం ముగ్గురమే. సాహు భయ్యా మైకు నా చేతికిచ్చాడు. గాజుల కింద చెయ్యి మండుతోంది.

“మందు మానేశాడు, నిజమే” అన్నాను. “అప్పుడు తాగి కొట్టేవాడు, ఇప్పుడు తాగకుండా కొడతన్నాడు. పొద్దున ఇస్త్రీపెట్టెతో కాల్చాడు.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈయన మొహంలో నవ్వు చెదరలేదు. మైకు వైపు వంగి హిందీలో మార్చి చెప్పాడు, మా ఆయన దేవుడైపోయారు, మా ఇల్లు గుడైపోయింది అంటోందని. ఒకటే చప్పట్లు. వెనక ఎవరో కళ్లు తుడుచుకున్నారు. ఛీ, నా మాట కూడా నాకు దక్కనివ్వడా?

మైకు ఇమ్మని చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. గాజులు పైకి తోసి కాలిన చెయ్యి అందరికీ కనపడేట్టు ఎత్తాను. నాకొచ్చింది కూరల బజారు హిందీ. ఈ పొద్దునే కాల్చాడని, కాల్చినప్పుడు తాగి లేడని చెప్పడానికి అది చాలింది.

“ఆజ్ సుబహ్ జలాయా. పియా నహీ థా.”

చప్పట్లు ఆగిపోయాయి. ఈయన దండ తెంపి నేలకి కొట్టి బయటికి నడిచాడు. “ఒలమ్మో, నా కొడుకు పరువు తీసేసినావే” అని అత్త ఏడుపందుకుంది. సాహు భయ్యా పరుగెత్తుకొచ్చాడు. నా చేతి వంక చూడనైనా చూడకుండా, వెళ్లి ఆపండి దీదీ, ఇలా వదిలేస్తే ఈ రాత్రే తాగేస్తాడు అన్నాడు.

స్కూటీ తాళంచెవి నా దగ్గరే ఉంది. దుర్గ్ స్టేషన్‌లో ఈసారి గోడ మీద ఏ కాగితం అంటించి ఉన్నా చదవను. మైకు సాహు భయ్యా చేతిలో పెట్టాను.

“పీనే దో, భయ్యా” అన్నాను. తాగనీ.