చూలాలి ఇంటి మేపుల్

దామోదర్ ఆ ఇల్లు కొన్నదే చెట్టును చూసి. డేటన్ ఊరి అంచున, కారు దారి పక్కనే నిలిచిన సిల్వర్ మేపుల్ అది. అందులోనూ తోటల అందానికని ఏరి పెంచిన రకం. మామూలు మేపుల్ ఆకులా వెడల్పుగా ఉండక, ఎవరో ఓపిగ్గా కత్తిరించినట్టు ప్రతి ఆకూ వేళ్లువేళ్లుగా చీలి ఉంటుంది. గాలి వీస్తే ఆకుల అడుగు భాగం తిరగబడి చెట్టంతా వెండిలా మెరిసేది. వాలిన కొమ్మలు పడకగది కిటికీని తడుముతుండేవి.

పక్కింటి వాల్టర్‌కి మాత్రం ఆ చెట్టంటే పడదు. "ఆకును మార్చారు గాని కట్టెను మార్చలేదు. త్వరగా పెరుగుతుంది, త్వరగా విరుగుతుంది" అని చెప్పి, చలికాలం గడపడానికి ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఆ తర్వాత దామోదర్ చెట్టు దగ్గరికెళ్లి చూస్తే, రెండు మానులు చీలిన పంగలో నల్లటి పగులు కనిపించింది. జనవరిలో కూడా అందులోంచి చెమ్మ కారుతోంది.

చెట్టు కొట్టేవాళ్లకి ఫోన్ చేయబోతుంటే అత్తగారు సుభద్రమ్మ వచ్చి అడ్డుపడింది. కూతురి కాన్పుకని ఆమె బాపట్ల నుంచి వచ్చింది.

"పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు చెట్టు కొట్టకూడదు, అల్లుడుగారూ."

"నేనెక్కడ కొడుతున్నానండీ? మెషీన్ తెచ్చుకుని వాళ్లే కట్ చేస్తారు."

"పిలిచేది మీరేగా!"

సోఫాలోంచి శశికళ నవ్వింది. "అమ్మా, నీ మాట విని ఈయన గడ్డం కూడా తీయట్లేదు. ఆఫీస్‌లో హిప్పీ అంటున్నారట. ఇంకెన్ని రూల్సే?"

"నవ్వు, నవ్వు. నిరుడేమైందో మరిచిపోయావా?"

నవ్వు ఆగిపోయింది. నిరుడు దామోదర్ పెరట్లో పొదలు నరికాడు. ఆ వారంలోనే శశికళకి మూడో నెల కడుపు పోయింది. ఈ రెంటికీ సంబంధం లేదని ఇంజనీరింగ్ చదివిన అతనికి తెలుసు. తెలిసీ ఫోన్ పెట్టేశాడు. మంచం మాత్రం చెట్టు పక్కనున్న పడకగదిలోంచి ముందుగదిలోకి జరిపాడు.

తర్వాతి వారంలో ఒక ఉదయం వాన మొదలైంది. పడ్డ చినుకు పడ్డచోటే గడ్డకట్టింది. మధ్యాహ్నానికి ప్రతి రెమ్మకీ గాజు తొడుగు పట్టింది. కిటికీని తడిమే కొమ్మలు నేలకి వంగిపోయాయి. కరెంటు పోయింది, ఫోన్ మూగబోయింది. చెట్టులో ఎక్కడో, ఎవరో మెటికలు విరుస్తున్నట్టు చప్పుడు. ముగ్గురూ దాన్నే వింటూ కూర్చున్నారు.

ఉన్నట్టుండి ఇల్లంతా అదిరింది. దామోదర్ పరుగెత్తుకెళ్లి చూస్తే ఒక మాను పచ్చికలో కూలి ఉంది. దాని కొమ్మలు కారు దారికి అడ్డంగా పడ్డాయి. రెండో మాను గ్యారేజ్ మీదికి ఒరిగి, పడలేక వేలాడుతోంది. ఇంటి మీద పడనందుకు అతను దండం పెట్టుకునేలోపే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"ఏమండీ... నీళ్లు పోతున్నాయి."

"ఎనిమిదో నెలే తల్లీ" అంటూ సుభద్రమ్మ ఆమెని పట్టుకుంది.

శశికళని కార్‌లో పడుకోబెట్టారు. గ్యారేజ్ తలుపెత్తితే ఎదురుగా తొడంత లావు కొమ్మలు. గోడకున్న చేతి రంపం తీసుకుని వెళ్లాడు గాని, కొమ్మ ముందు దామోదర్ చెయ్యి ఆడలేదు. వెనక్కి తిరిగి చూశాడు. చీర మీద కోటు, కాళ్లకి కూతురి బూట్లు, జారుతూ వస్తోంది సుభద్రమ్మ.

"అత్తయ్యగారూ, మీరేగా కొట్టొద్దని..."

"అన్నాన్లే! ఆ పాపమేదో నాకే చుట్టుకోనీ. కొయ్యి నాయనా, కొయ్యి!"

పెళ్లయినప్పటినుంచీ ఆమె అతన్ని ఒక్కసారి కూడా ఏకవచనంలో పిలవలేదు.

రంపం దిగింది. కట్టె మెత్తన. చెట్టుని కూల్చిన ఆ మెత్తదనమే ఇప్పుడు రంపం పళ్లకి దారిచ్చింది. అతను కోస్తుంటే ఆమె ముక్కల్ని ఈడ్చి పడేసింది. చేతులు చీరుకుపోతున్నా ఆగలేదు. పైన రెండో మాను మూలుగుతూనే ఉంది. దామోదర్ తలెత్తి చూడలేదు. చూస్తే ఆగిపోతానని అతనికి తెలుసు.

కారు పట్టేంత దారి కాగానే అత్తగారిని ఎక్కించుకుని స్టార్ట్ చేశాడు. మాను కింద నుంచి పోతుంటే టాప్ మీద మంచు పెంకులు పెళపెళమని రాలాయి. రోడ్డెక్కాక వెనక ఏదో పెద్దగా కూలిన చప్పుడైంది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"కదులుతోందే అమ్మా," అంది శశికళ నొప్పి మధ్యలో. "తంతోంది."

ఆస్పత్రి ఇంకా దూరం. గాజులా మెరుస్తున్న రోడ్డు మీద దామోదర్ కారుని నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చాడు.