బకెట్లోని మూడు గుండ్లు

మా మినెసోటా సరస్సు గడ్డకట్టి, పైన బండి నడిచేంత గట్టిపడగానే, మా ఆయన ఓర్విల్ చేపలు పట్టే సామానంతా అతని స్నేహితుడు వెర్లిన్‌కి ఇచ్చేద్దామనుకున్నాను. ఓర్విల్ లేని మొదటి శీతాకాలం అది. మంచు కింద చేపల్ని తెర మీద చూపే సోనార్ పెట్టె ఒకటే ఉంది. దానికి కళ్లలా, తీగ చివర తగిలించి నీళ్లలోకి దించే గుండ్లు మాత్రం బకెట్లో మూడున్నాయి. ఏది దేనికో నాకు తెలియదు. అతనితో ఒక్కనాడూ మంచు మీదికి వెళ్లలేదు. "మంచుకి కన్నం చేసి అందులోకి చూస్తూ కూర్చోడానికి నాకేం పిచ్చా?" అనేదాన్ని.

వెర్లిన్ మా వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతూ మొదటిది తీశాడు. బల్లపరుపుగా ఉంది, వెనక మరలు బిగించే రేకుంది.

"ఇది పడవకి బిగించేది. కన్నంలో వేలాడేస్తే పక్కకి ఒరిగి దిక్కులు చూస్తుంది, చర్చిలో మా తమ్ముడిలా. ఓసారి మీ ఆయన పొరపాటున ఇదే తెచ్చి, చేపల్లేవని పొద్దంతా సరస్సుని తిట్టాడు."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే నువ్వు బతకనిస్తావా, తల్లీ?"

రెండోది గుండ్రంగా, తీగకు బెండుతో ఉంది. "ఇది నిటారుగా కిందికే చూస్తుంది. సన్నచూపుది. నీ గాలం చుట్టుపక్కల తప్ప ఇంకేం చూపించదు. ఒంటిగాడికి ఇది చాలు. వాడు రోజూ వాడింది ఇదే."

మూడోదీ గుండ్రమే. తీగ చుట్ట ఇంకా విప్పలేదు. వెర్లిన్ దాన్ని తిరగేసి బొటనవేలితో తడిమాడు.

"ముఖం చిన్నది. అంటే చూపు వెడల్పు. పక్క కన్నంలో వేసిన గాలం కూడా ఇదే తెర మీద కనబడుతుంది. ఇద్దరు కూర్చుంటే గానీ... వీడికెందుకిది?"

"నీకోసమేమో."

"నా పెట్టె నాకుంది ఆర్డిస్. పక్కోడి తెర చూసి చేపలు పట్టే రకమా నేను?" అని నవ్వబోయి, నా మొహం చూసి కప్పులోకి తల దించుకున్నాడు.

పోయిన శీతాకాలం ఓర్విల్ మంచు మీద వేసుకునే గుడిసె చెక్క నేలలో రెండో కన్నం కోశాడు. బంగారంలాంటి చెక్క పాడుచేశావని తిట్టాను. ఎందుకు కోశావని అడగలేదు. అతనూ చెప్పలేదు.

"ఇది మాత్రం ఇవ్వను," అన్నాను.

మర్నాడు వెర్లిన్ గుడిసెను సరస్సు మీదికి లాగి, నేలలోని రెండు కన్నాల కిందా మంచు తొలిచి, ఒకదాంట్లో కొత్త గుండు దించాడు. ఒక గాలం నేను పట్టుకున్నాను. రెండోది ఓర్విల్ గాలపు కర్రకు కట్టి పక్క కన్నంలోకి వదిలి, కర్రను గోడకు ఆనించాను. తెర మీద రెండు గీతలు వచ్చాయి. నా చెయ్యి కదిలితే ఒక గీత పైకీ కిందికీ కదిలింది. రెండోది కదల్లేదు.

"ఆ గాలం ఆడిస్తే గానీ చేప రాదు," అన్నాడు వెర్లిన్ తలుపు దగ్గర నిలబడి.

"తెలుసు. దాన్నలా ఉండనీ," అన్నాను.