ఫరీన్ అడిగిన ప్రశ్న

ప్రమోద నోరు తెరిస్తే చాలు, ఫరీన్‌కు ఒళ్ళు భగ్గుమనేది. మండదా మరి? పెనుకొండ డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం మొదటి మార్కు ఎప్పుడూ ఫరీన్‌దే. హిందూపురం నుంచి పొద్దున్నే ప్యాసింజరెక్కి వచ్చి ముందు బెంచీలో కూర్చునేది. ప్రమోదేమో ధర్మవరం బండి దిగి, జడ సర్దుకుంటూ, ఆలస్యంగా వచ్చి వెనక కూర్చునేది. అయినా ఆ పిల్ల మాట్లాడితే క్లాసంతా అటు తిరగాల్సిందే! నీలావతి మేడం సైతం సుద్దముక్క కింద పెట్టి వినేది.

తొంభై ఎనిమిదిలో, వాళ్ళ చివరి ఏడాది, అనంతపురం సెమినార్‌కు ఒక్కరినే పంపుతామన్నారు. "ఒక కుటుంబాన్ని తీసుకుని సిద్ధాంతాలతో వివరించండి. ఎవరిది బాగుంటే వాళ్ళు పోతారు" అంది మేడం. చచ్చినా ఈ అవకాశం ప్రమోదకు దక్కనివ్వకూడదనుకుంది ఫరీన్.

ఇంట్లో గొంతెత్తి చదివేది. సమాజం శరీరం లాంటిది, అవయవాలన్నీ తమ పని తాము చేస్తేనే నిలుస్తుందనేది ప్రకార్యవాదం. కాదు, ఒకరి కష్టం మీద ఇంకొకరి పెత్తనం, ఆ తగువే సమాజమనేది సంఘర్షణ సిద్ధాంతం. మనుషులు దేన్ని ఏమని పిలుచుకుంటారో, ఏ అర్థం ఇస్తారో అందులోనే సమాజం ఉందనేది మూడోది. ఇంటి ముందు గదే నాయన గౌస్‌సాబ్ టైలరింగ్ అంగడి. ఆయన కుట్టిన చొక్కాలకు కాజాలూ గుండీలూ కుట్టేది అమ్మ జైనాబీ. "చదువు తల్లీ, నేను వింటాండా" అనేది సూది మీద నుంచి తల ఎత్తకుండానే. ఫరీన్ గైడులోంచి ఉమ్మడి కుటుంబం గురించి నీటుగా రాసుకుంది.

క్లాసులో ఫరీన్ తనది చదివాక ప్రమోద లేచింది. "మా ఇల్లే తీసుకున్నా మేడం. నాయన మగ్గం గుంతలో కూచోని నేస్తాడు. అమ్మ కండెలకు దారం చుడుతుంది. కొత్త పట్టుపోగుల కొసలు పాతవాటికి ఒక్కొక్కటే మెలేసి అతుకుతుంది. ఏ చెయ్యి ఆగినా చీర ఆగిపోతుంది."

అంతే, చప్పట్లు! ఫరీన్ ఇంక ఓర్చుకోలేకపోయింది. పోయిన నెలే ప్రమోద పిలిస్తే వాళ్ళింటికి పోయి, వాళ్ళమ్మ వడ్డించిన అన్నం తిని, అంతా చూసొచ్చింది కదా.

"కూలి ఎవరి చేతికిస్తారే?" అని అడిగింది.

"నాయన చేతికి."

"మీ అమ్మకు?"

"అమ్మకు కూలేంది?"

"మరి ఆమె చేసేది పని కాదా?"

ప్రమోద ముఖం పాలిపోయింది. చేతిలో కాగితం మడుచుకుని కూర్చుంది. అబ్బ, ఫరీన్ ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! ఆ రోజు రైలంతా తనలో తాను నవ్వుకుంటూనే పోయింది.

మరుసటి వారం ప్రమోద మళ్ళీ లేచింది.

"అమ్మకు కూలి లేదా అని నాయనను అడిగినా మేడం. అన్నం ముందు నుంచి లేచిపోయినాడు. అమ్మ నన్నే తిట్టింది. ‘నేనేమన్నా నేసేదాన్నా, చేతిసాయం చేస్తాండా, అంతే’ అనింది. అప్పుడు అర్థమయింది. చీర తయారు కావాలంటే అందరి పనీ కావాల. కూలి మాత్రం ఒకరి చేతికే. అమ్మ పనికి సాయం అని పేరు పెట్టినాం, అందుకే అది ఎవరికీ అన్యాయంగా కనపడలేదు."

మూడు సిద్ధాంతాలూ ఒక్క ఇంట్లో! "అనంతపురానికి నువ్వే పోతావమ్మా" అంది మేడం.

ఫరీన్‌కు ఏడుపొచ్చింది. ఆ అవకాశం తన చేతులారా తనే ఇచ్చింది కదా! అది చాలదన్నట్టు ప్రమోద ఆమె వైపు తిరిగింది.

"ఈ ప్రశ్న ఫరీన్‌ది మేడం. వాళ్ళింట్లో వాళ్ళమ్మ పనికి విలువ ఉండాదేమో, అందుకే దాని కంటికి ఆనింది. మాకు ఆనలేదు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఫరీన్ కోపం తెచ్చుకుని బతికిపోయేది. క్లాసంతా తన వైపు తిరిగి చప్పట్లు కొడుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి జైనాబీ గడప దగ్గర వెలుతురులో కాజాలు కుడుతోంది.

"ఆ అనంతపురం అవకాశం ఎవరికొచ్చిందే?"

"ప్రమోదకు."

"పోనీలే తల్లీ. నువ్వూ ఏమన్నా మాట్లాడినావా?"

"ఒక ప్రశ్న అడిగినా."

అంగడిలోంచి గౌస్‌సాబ్ కేకేశాడు. "అయినాయా కాజాలు?"

"అయితాండాయి" అంది జైనాబీ. దారం పళ్ళతో తెంపి, కూతురి వైపు మురిపెంగా చూసింది. "ఏమని అడిగినావు? నాకూ చెప్పు."

ఫరీన్ అమ్మ ఒళ్ళోని చొక్కా వైపు చూసింది. ఆ కుట్టుకూలి పడేదీ నాయన చేతిలోనే.