ఎలోయ్ మీద ఊపిన తెల్ల రుమాలు

మా వల్దెసోతో ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో జెర్సీలు ఉతికి, బూట్లు తుడిచే పని నాది. ఎలోయ్ బుస్తియో మా గని వీధి కుర్రాడే. పదమూడేళ్లు మా జట్టు మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. బంతి అతని కాలికి చేరిందంటే మా అందరికీ ప్రాణం లేచొచ్చేది. మోకాలు అరిగిపోయాక ఆట మానేశాడు. భార్య నెలీదాకి గెతారియాలో, సముద్రం పక్కన, నర్సు ఉద్యోగం దొరికింది. అక్కడి పిల్లలకు ఆట నేర్పుకుంటూ బతుకుదామని ఇద్దరూ సామాను కూడా సర్దుకున్నారు.

సరిగ్గా అప్పుడే మా జట్టు కోచ్‌ని తీసేశారు. క్లబ్బు ప్రెసిడెంటు దోన్ ఒనేసిమో సైడర్ అనే ఆపిల్ కల్లు అమ్మే దుకాణంలో అందరి ముందూ ఎలోయ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"పదకొండు మ్యాచులకే కోచ్‌గా ఉండు నాయనా. ఊరి పరువు నీ చేతిలో ఉంది."

అందరూ ఎలోయ్ నోటి వంకే చూస్తున్నారు. కాదనలేకపోయాడు.

ఆ ఏడు ఆఖరి మ్యాచ్ డ్రా చేసుకుని, కింది డివిజన్‌కి పడిపోకుండా గట్టెక్కాం. పదకొండు మ్యాచులు కాస్తా మూడేళ్లయ్యాయి. నెలీదా ఒక్కతే గెతారియా వెళ్లింది. ఎలోయ్ సోమవారాలు కారేసుకుని వెళ్లి చూసొచ్చేవాడు.

మూడో ఏడు వరసగా తొమ్మిది మ్యాచులు ఓడిపోయాం. జనం ఆటగాళ్లని తిట్టారు, రిఫరీని తిట్టారు. ఎలోయ్‌ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అతను ప్రెసిడెంటు దగ్గరికెళ్లి, "నన్ను వదిలెయ్యండి" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"నీ ముఖం చూసే జనం క్లబ్బుని ఏమీ అనట్లేదు. నువ్వు పోతే ఆ తిట్లు ఎవరికి తగులుతాయి? నాకే కదా!" అని నవ్వాడు దోన్ ఒనేసిమో. "నీ అంతట నువ్వే పోతావా, పో. కష్టంలో వదిలేసి పారిపోయాడంటారు. మీ అమ్మ రొట్టెల కొట్టుకి ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది?"

ఆ సాయంత్రం ఎలోయ్ నా గదికొచ్చాడు.

"బాబాయ్, ఆదివారం స్టాండులో కూర్చుని నా మీద తెల్ల రుమాలు ఊపు."

"తెల్ల రుమాలంటే కోచ్‌ని పంపెయ్యమని కదా? నీకేమైనా మతి పోయిందా?"

"ఒక్కడు మొదలుపెడితే నలుగురు ఊపుతారు. ఊరివాళ్లే పొమ్మంటే తప్ప నేను పోలేను బాబాయ్."

అతని కళ్లు చూసి సరేనన్నాను.

ఆదివారం వానలో మూడు గోల్స్ తిన్నాం. లేచి రుమాలు ఊపాను. వెనకనుంచి నా వీపు మీద గొడుగు దెబ్బ పడింది. తిరిగి చూస్తే మా వీధి ముసలమ్మ, ఎనభై ఏళ్ల ఒబ్దూలియా.

"సిగ్గులేని సన్నాసీ! వాడు మన పిల్లాడు!"

నలుగురు నా చెయ్యి పట్టి కిందికి లాగారు. స్టాండు మొత్తం లేచి "ఎలోయ్! ఎలోయ్!" అని హోరెత్తింది. ఎలోయ్ మైదానం గీత పక్కన తడుస్తూ నిలబడి, ఒక్కసారి నా వంక చూసి తల దించుకున్నాడు.

ఆ ఓటమితో కింది డివిజన్‌కి పడిపోయాం. దోన్ ఒనేసిమో మైకు అందుకున్నాడు. "ఎలోయ్‌తో పడ్డాం, ఎలోయ్‌తోనే లేస్తాం! ఇంకో రెండేళ్లు ఇతనే!" చప్పట్లు ఆగలేదు. ఎలోయ్‌ని ఎవరూ అడగలేదు.

సోమవారం అతను గెతారియా వెళ్లలేదు. నేను అతని ఇంటికెళ్లేసరికి బల్ల మీద ఫోనులోంచి నెలీదా గొంతు వినిపిస్తోంది.

"చప్పట్లు రేడియోలో విన్నాను. ఇద్దరికని తీసుకున్న ఇల్లు ఉంచనా? నా ఒక్కదానికి చిన్నది చూసుకోనా?"

"చిన్నది చూసుకో," అన్నాడు ఎలోయ్.

మర్నాడు క్లబ్బుకెళ్లి రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు.